మేకు ఎరుగని గోడ

జమ్మలమడుగులో పాలయ్య ఇంటికి కొత్తగా వచ్చిన వాళ్ల కన్ను మొదట తూర్పు గోడ మీద పడుతుంది. దాని మీద ఏదో ఉందని కాదు, ఏమీ లేదని. మిగతా మూడు గోడలకూ ఊపిరాడదు. పాత క్యాలెండర్లు, వాక్యం రాసిన అద్దం పటం, కూతురు ఎలిజబెత్ పెళ్లి ఫోటో, జల్లెడ, గొడుగు, సంచులు, అన్నీ అక్కడే వేలాడతాయి. తూర్పు గోడకు మాత్రం ఒక్క మేకు లేదు, మేకు పీకిన గుర్తూ లేదు. పద్దెనిమిదేళ్లుగా దానికి మంచం ఆనించనివ్వలేదు పాలయ్య, దాని పక్కన పొయ్యి రాజెయ్యనివ్వలేదు. ఎలిజబెత్ చిన్నప్పుడు ఒకసారి ఆ గోడకేసి బంతి కొడితే, బిడ్డ మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి చెంప మీద కొట్టాడు. "గోడ గుల్ల" అన్నది ఆయన చెప్పే కారణం. రెండడుగుల మందమున్న రాతిగోడ ఎట్లా గుల్ల అయిందని భార్య కమలమ్మ అడిగినప్పుడల్లా, "నీకు తెలీదులే మ్మే, గమ్మునుండు" అనేవాడు.

ఆమెకు తెలియని మాట నిజమే. ఆ గోడలో బాంబులున్నాయని పాలయ్యకు ఒక్కడికే తెలుసు.

ఈ సంగతి చెప్పాలంటే ముందు ఓబులన్న గురించి చెప్పాలి. ఆ రోజుల్లో ఊరు రెండు వర్గాలు. ఒకదానికి ఓబులన్న పెద్ద, రెండోదానికి తిప్పన్న. తాతల నాడు ఏదో బావి కాడ మాటా మాటా పెరిగి మొదలైందట తగాదా. బావి ఎండి పూడిపోయింది గానీ తగాదా మాత్రం ఊరుతూనే ఉంది. ఓట్లు వచ్చాక వర్గాలకు పార్టీలు దొరికాయి. ఒకడు ఏ పార్టీలో చేరితే రెండోవాడు దాని ఎదురు పార్టీలో చేరతాడు, సిద్ధాంతమంటే అంతే. మధ్యలో ఒకసారి ఇద్దరూ పార్టీలు మార్చుకున్నారు కూడా. ఊళ్లో గోడల మీద రాతలు చెరిపి కొత్తగా రాసే పని పెయింటర్లకు దొరికింది. చచ్చే పని మాత్రం ఎప్పటి వాళ్లకే ఉండిపోయింది.

పాలయ్య ఓబులన్న మనిషి. వర్గంలో ఆయన హోదా ఏమిటంటే, అన్న జీపు వెనక వచ్చే రెండో జీపులో వెనక పట్టుకుని వేలాడడం. కత్తి పట్టలేదు, కట్టె పట్టలేదు. అన్న దిగితే చెప్పులు ఎదురు పెట్టేవాడు, అన్న ఎక్కితే తలుపు వేసేవాడు. అట్లాంటి పాలయ్య ఇంటికి ఒక ఆదివారం, వాళ్ల దళిత పేటంతా చర్చిలో పాటలు పాడుతుంటే, ఓబులన్న స్వయంగా వచ్చాడు. వెంట గోడలు కట్టే బేల్దారి ఒకడు, బేల్దారి చంకలో గోనెసంచి, సంచిలో కుండ. పాలయ్యను వాకిట్లో కాపలా నిలబెట్టి, ఇద్దరూ లోపలికి పోయి తూర్పు గోడలో ఉన్న గూట్లో కుండ పెట్టి, రాయి అడ్డం పెట్టి, మట్టి మెత్తి, సున్నం పూశారు. పోతూ పోతూ ఓబులన్న పాలయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"పాలయ్యా, సామాను దాచేదానికి నీ ఇల్లు తప్ప ఇంకోటి తోచలేదు నాకు. వర్గంలో ఎంతమందున్నా నిన్నొక్కడినే నమ్మినా. నేను అడిగే దాకా ఇది నీ పాణమనుకో. పెండ్లాంతో కూడా అనాకు."

వర్గం భాషలో సామాను అంటే నాటు బాంబులని పాలయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. పేటలో పుట్టి, పెద్దోళ్ల ఇళ్లలో వాకిలి దాటి ఎన్నడూ లోపలికి పిలిపించుకోని మనిషి పాలయ్య. అట్లాంటి వాడి ఇంట్లోకి పెద్దాయన తానే వచ్చి, నిన్నొక్కడినే నమ్మినానంటే, దానికి మించిన పదవి ఏముంటుంది? సర్పంచి పదవి ఐదేళ్లే. ఇది అన్న అడిగే దాకా. చర్చి నుంచి తిరిగొచ్చిన కమలమ్మ సున్నం వాసనా, పూడ్చిన గూడూ చూసి, మొగుడికి ఇన్నాళ్లకు ఇంటి మీద బుద్ధి పుట్టిందని సంతోషపడింది, పాపం.

ఆనాటి నుంచి పాలయ్య పడక మారింది. గోడ వారగా చాప పరుచుకుని, గోడ వైపు మొహం పెట్టి, భార్యాబిడ్డలకు వీపు చూపించి పడుకునేవాడు. పేలితే ముందు తన ఒళ్లు అడ్డం పడాలని. బాంబుకు మనిషి ఒళ్లు ఏపాటి అడ్డమో ఆలోచించలేదు. ఆలోచించి ఉన్నా అక్కడే పడుకునేవాడు.

ఆ తర్వాత కమలమ్మ తమ్ముడు సత్యానందం ప్రొద్దుటూరులో తాను గుమాస్తాగా ఉన్న బట్టల కొట్లోనే బావకు వాచ్‌మెన్ పని కుదిర్చాడు. ఉండడానికి కొట్టు వెనక గది కూడా ఇస్తామన్నారు. ఎలిజబెత్‌ను మంచి బడిలో వేయొచ్చని కమలమ్మ మూటలు కట్టింది. పాలయ్య కదలనన్నాడు. "సొంత ఇల్లిడిసిపెట్టి యాడికి పొయ్యేది?" అన్నాడే తప్ప ఇంకో మాట చెప్పలేదు. కమలమ్మ మూటలు విప్పేసి ఆ పూట అన్నం తినలేదు. ఆ తర్వాత ఇరవై మంది ఇళ్లల్లో అంట్లు తోమి కూతుర్ని నర్సు చదివించింది, ఖాజీపేటలో పెళ్లి చేసింది. పాలయ్య గోడకు కాపలా కాశాడు.

ఇట్లా ఉండగా కాలం మారింది. బాంబుల కన్నా కాంట్రాక్టులే గిట్టుబాటని రెండు వర్గాలకూ ఒకేసారి జ్ఞానోదయమైంది. ఓబులన్న ప్రొద్దుటూరులో మేడ కట్టాడు, సిమెంటు లారీలు తిప్పాడు, కాలేజీ పెట్టాడు, ఆఖరికి ప్రాంతీయ శాంతి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘానికి ఉపాధ్యక్షుడు తిప్పన్న. చచ్చిపోయిన వాళ్లకు మాత్రం అందులో సభ్యత్వం లేదు.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఓబులన్నకు టికెట్ కావాలి, టికెట్ కావాలంటే జనం కావాలి. పాత మనుషులు ఉన్నట్టుండి అన్నకు గుర్తొచ్చారు. ఒక్కొక్కరికి ఒక పెద్ద టీవీ వచ్చి ఇంట్లో దిగింది. పలకలాగా పల్చగా, మనిషి బారున ఉంది. వెంట వచ్చిన పీఏ ఇట్లా చెప్పాడు: "వచ్చే ఆదివారం పొద్దున అన్న టీవీలో శాంతి గురించి మాట్లాడతాడు. మీరంతా చూస్తాండేది ఫోటో తీసి కరపత్రంలో ఏస్తాం. టీవీ గోడకుండాల. మీరు కింద కూచోండాల. మొగాలు నవ్వుతాండాల. మంచం మీద పెట్టేది, బల్ల మీద పెట్టేది వద్దు. అన్న మొగం పైనుండాల."

గోడకుండాల అన్న మాట వినగానే పాలయ్య జరిగి తూర్పు గోడకు అడ్డం నిలబడ్డాడు.

మర్నాడు ప్రొద్దుటూరు నుంచి డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని ఫిట్టర్ అలీ అహ్మద్ వచ్చాడు. ఇంట్లో మూడు గోడలు నిలువు నాపరాళ్లతో కట్టినవి. రాళ్ల సందుల్లో కొట్టిన మేకు గొడుగును మోస్తుంది గానీ టీవీని మోయదు. రాతిలోనే బొక్క వేద్దామని అలీ అహ్మద్ మిషన్ పెడితే, రాయి అప్పడంలాగా పొర లేచి ఆయన కాలి మీదే పడింది. కాలు రుద్దుకుంటూ ఇల్లంతా చూశాడు. కళ్లు తూర్పు గోడ మీద నిలిచాయి. పోయి వేళ్లతో తట్టాడు.

"ఇంత మంచి గోడ పెట్టుకుని ఈ అగచాట్లు ఏంటికి మామా? బంగారట్లాంటి గోడ" అంటూ మిషన్ ఆనించాడు.

పాలయ్య ఒక్క ఉదుటున దూకి మిషన్‌కూ గోడకూ మధ్యన నిలబడ్డాడు. "ఆపు! ఈడ కొట్టాలంటే ముందు నా గుండెకాయలో కొట్టు!"

అలీ అహ్మద్ మిషన్ ఆపి, కమలమ్మ వైపు చూశాడు. ఏ ఇంట్లో అయినా ఇట్లాంటప్పుడు ఫిట్టర్లు ఆడవాళ్ల వైపే చూస్తారు. కమలమ్మ కూడా మొగుడినే చూస్తోంది. "నాకు ఇంకా శానా ఇండ్లుండాయి మామా. గోడ ఏదో మీరే తేల్చుకుని ఫోన్ చెయ్యండి" అని ఆయన మిషన్ సర్దుకుని వెళ్లిపోయాడు.

పాలయ్య పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్న ఇచ్చిన టీవీని గోడకెక్కించకపోతే అన్నను కాదన్నట్టు. ఎక్కిస్తే అన్న ఇచ్చిన పాత సామాను లేచి అందరినీ పైకెక్కిస్తుంది. ఆలోచించి ఆలోచించి, పెట్టినవాడినే తీసెయ్యమని అడుగుదామని ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

అన్న పులివెందులకు పెళ్లికి పోయాడన్నారు. పాలయ్య మధ్యాహ్నమంతా మేడ ముందర కూర్చున్నాడు. సాయంత్రం కారు దిగిన ఓబులన్న, "ఏమప్పా పాలయ్యా, టీవీ బాగుండాదా?" అన్నాడు. పాలయ్య ఆయన్ను పక్కకు రమ్మని సైగ చేశాడు. ఇన్నేళ్లలో అన్నను పక్కకు పిలవడం అదే మొదటిసారి.

"అన్నా, ఆ సామాను..."

"ఏం సామాను?"

"మా ఇంట్లో పెట్టిండేది. గోడలో. చర్చి యాళ."

ఓబులన్న పాలయ్య మొహంలోకి కాసేపు చూశాడు. గుర్తు చేసుకుంటున్నట్టే ఉంది. తర్వాత ఆ మొహం మీదికి నవ్వు ఎక్కింది. "ఓ, అదా! ఇంకా పెట్టుకునే ఉండావా నువ్వు? ఏం కాదులే. కొట్టించుకో పో."

"ఏం కాదా అన్నా? మిషన్ పెట్టి కొడతారు..."

"ఏమీ కాదంటాండా గదా" అని భుజం తట్టి లోపలికి పోయాడు.

పాలయ్య బస్సులో ఆ మాటనే నములుతూ వచ్చాడు. అన్నకు ఎంత గుండె ధైర్యం! బాంబుల గోడకు మిషన్ పెట్టి కొట్టుకొమ్మన్నాడు, కన్ను కూడా ఆర్పలేదు. ఊరోళ్ల గోడల మీద ధైర్యం చేయడం నాయకులకు పుట్టుకతో వస్తుందని పాలయ్యకు తట్టలేదు. తనకు మాత్రం అంత ధైర్యం లేదు. తడిస్తే నాటు బాంబు చచ్చిపోతుందని ఆ ప్రాంతంలో అందరూ అనే మాట ఒకటుంది. దిగగానే నేరుగా బిందె తీసుకుని గోడకు నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

పొద్దున పోశాడు, సాయంత్రం పోశాడు. సున్నం ఉబ్బి బొబ్బలెక్కింది. ఇంట్లో నేలంతా చిత్తడి.

"గోడకు నీళ్లు పోస్తాండావేందయ్యా, మొలకలొస్తాయా?" అంది కమలమ్మ.

"క్యూరింగ్ మ్మే. టీవీ బరువు మోయాలంటే గోడ నీళ్లు తాగాల."

"మీ నాయన కట్టిన గోడకు ఇప్పుడు క్యూరింగా?" అని ఆమె అడిగింది. పాలయ్య ఇంకో బిందె ముంచుకున్నాడు.

శనివారం పొద్దున, కూతుర్ని చూసిరమ్మని కమలమ్మను ఖాజీపేటకు సాగనంపాడు. పెళ్లయినప్పటి నుంచి మొగుడు తనంతట తాను ఎక్కడికీ పొమ్మన్నది లేదు. ఆమె బస్టాండు దాకా పోయింది, నిలబడి ఆలోచించింది, బస్సెక్కకుండా వెనక్కు తిరిగింది. గోడను పట్టుకుని అల్లాడుతున్న మనిషిని ఒంటరిగా వదలడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఈలోగా పాలయ్య తలుపు దగ్గరికి వేసి, ఒంటికి తడి గోనె చుట్టుకుని మోకరించాడు. చర్చిలో పక్కవాడిని చూసి పెదాలు కదిపే మనిషి ఆ రోజు మాత్రం నిజంగానే మాట్లాడాడు. "ప్రభువా, నేను పోతే పోతా. కమలమ్మకు పింఛను వచ్చేట్టు సూడు." లేచి గడ్డపార అందుకున్నాడు. నీళ్లు తాగిన సున్నం ముట్టుకుంటేనే ఊడింది. మట్టి రాలింది, రాయి కదిలింది. వెనక గూడు, గూట్లో కుండ, మూతికి కట్టిన గుడ్డ. రెండు చేతులా దాన్ని ఎత్తి రొమ్ముకు ఆనించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "ఏం చేస్తాండావయ్యా?"

"రావాకు! బాంబులు!" అని అరిచాడు పాలయ్య. ఆ అదురుకు కుండ జారింది. ఆయన ఎగిరి కమలమ్మను వాకిట్లోకి తోసి, ఆమె మీద పడి, ఆమె చెవులు తన చేతులతో మూశాడు. పక్కింటి కోడి ఒకటి వచ్చి వాళ్లిద్దరినీ చూసి, మళ్లీ గింజలు ఏరుకోసాగింది. ఇంకేమీ కాలేదు.

"లెయ్యి. నడుము ఇరగేట్టుంది" అంది కమలమ్మ కింద నుంచి.

లోపల నేల మీద కుండ పెంకులు, వాటి మధ్య ఇసుక. సన్నటి పెన్న ఇసుక, తడిసి ముద్దయి ఉంది. బరువు కోసం కాబోలు నాలుగు గుండ్రాళ్లు. పాలయ్య కూలబడి ఇసుకను రెండు చేతులా కెలికాడు. "ఉండాలే. ఈడనే ఉండాలే" అంటూ గూట్లో చెయ్యి పెట్టి మూల మూలా తడిమాడు. ఇంట్లో బాంబులు దొరకలేదని కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి ఆ జిల్లాలో ఆయన ఒక్కడేనేమో.

తెలివి తక్కువవాడు కాదు పాలయ్య, నమ్మినవాడు అంతే. నమ్మకం జారిపోయాక మిగతాదంతా తనంతట తానే అర్థమైంది. ఆ ఏడు వర్గంలోంచి ఎవరో పోలీసులకు ఉప్పందిస్తున్నారని అన్నకు అనుమానం ఉండేది. నోరు జారేది ఎవడో తేల్చుకోవడానికి ఇసుక కుండను మించిన చౌక ఉపాయం లేదు. ఎవరి ఇంటి గోడను పోలీసులు తవ్వితే వాడే దొంగ. పాలయ్య గోడను ఎవరూ తవ్వలేదు. అంటే పరీక్షలో నెగ్గాడు. నెగ్గినావు, ఇంక పడుకో అని చెప్పడం మాత్రం అన్నకు గుర్తు రాలేదు.

కమలమ్మ గడప మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నది. ఆమె తిడుతుందని పాలయ్య ఎదురుచూశాడు.

"దీనికోసమా ఆ పొద్దు ప్రొద్దుటూరికి రానంటివి?"

పాలయ్య తల ఊపాడు.

"గోడ తట్టు తిరిగి పండుకునేది కూడా?"

"పేలితే ముందు నాకు తగలాలని. నీకూ బిడ్డకూ అడ్డముండాలని."

కమలమ్మ మూలన చుట్టి ఉన్న ఆయన చాప వైపు చూసింది. చూస్తూనే అంది: "నేనేమనుకున్యానో తెల్సా? నేనంటే నీకు ఇష్టం పోయిందనుకుంటి. బిడ్డ పుట్టినాక ఒళ్లొచ్చె, నా మొగం సూడబుద్ధి కాక అట్ల తిరుక్కుంటాండాడు అనుకుంటి. ఇన్నేండ్లు ఆ వీపును సూసి ఏడ్సి ఏడ్సి పండుకుంటి. ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయా?"

బాంబు పేలినా పాలయ్యకు అంత దెబ్బ తగిలేది కాదు. లేచి, చీపురు తెచ్చి ఇసుక ఊడ్వబోయాడు. ఆమె ఆ చీపురు లాక్కుని తనే ఊడ్చి, వాకిట్లో పారబోసింది.

సాయంత్రం అలీ అహ్మద్ మళ్లీ వచ్చాడు. గూడును రాళ్లతో, సిమెంటుతో పూడ్చి, దానికి దూరంగా తడి తగలని చోట పొడుగు బోల్టులు దించి టీవీ ఎక్కించాడు. గోడ కిక్కురుమనలేదు. ఆదివారం పీఏ కెమెరా పట్టుకుని వచ్చేసరికి పాలయ్య, కమలమ్మ కింద చాప మీద కూర్చున్నారు. టీవీలో ఓబులన్న తెల్లబట్టల్లో వెలిగిపోతున్నాడు. "ఫ్యాక్షన్, బాంబులు అంటూ మా ప్రాంతాన్ని బద్నాం చేస్తున్నారు. మా కార్యకర్తల ఇళ్లలో ఏనాడూ ఒక్క బాంబు లేదు" అన్నాడు. పాలయ్య ఇంటి మటుకు అది అక్షరాలా నిజం.

"నవ్వండప్పా" అన్నాడు పీఏ. కమలమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో పీఏకు తెలియదు గనుక ఫోటో బాగా వచ్చిందన్నాడు. కెమెరా సర్దుకుంటూ విసుక్కున్నాడు. "మీ పాతోళ్లకందరికీ ఏం తెగులప్పా? ఒకడు వాస్తు బాగలేదంటాడు. ఒకడు గోడ గుల్లంటాడు. ఆ ఇస్మాయిల్ అయితే టీవీకి దుప్పటి కప్పి మంచం మీద పండబెట్టినాడు. గోడ ముట్టుకుంటే సంపుతా అంటాండాడు!"

పాలయ్య లేచి చొక్కా వేసుకున్నాడు.

ఇస్మాయిల్ ఓబులన్న మొదటి జీపు డ్రైవరు. కువైట్‌కు వీసా వచ్చినా పోకుండా ఊళ్లోనే ఉండిపోయి, ఆటో నడుపుతూ ముసలివాడయ్యాడు. ఎందుకు పోలేదో ఆయన భార్య జైనబ్‌కు కూడా తెలియదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. పాలయ్య పోయేసరికి ఆయన వంటింటి పక్క బోసి గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. జైనబ్ టీ ఇచ్చి పెరట్లోకి పోయే దాకా ఆగి, పాలయ్య గొంతు తగ్గించి తన గోడ కథంతా చెప్పాడు.

"ఇసుక మామా. వట్టి ఇసుక. నీదీ అంతే. తవ్వి సూసుకో. ఇంకనన్నా హాయిగా పండుకో."

ఇస్మాయిల్ తాగుతున్న టీ కింద పెట్టాడు. పాలయ్యను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"నీకు ఇసుకే పెట్టింటాడు పాలయ్యా. నువ్వు రెండో జీపు మనిషివి. నీ ఇంట్లో నిజం సామాను ఏంటికి పెడతాడు? నేను మొదటి జీపు. అన్న పాణం నా స్టీరింగులో ఉండె. నన్నొక్కడినే నమ్మినానని నా భుజం మీద చెయ్యేసి చెప్పినాడు. నాకు పెట్టిండేది నిజమైనవే."

పాలయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. పేట దాకా నడుస్తుంటే, ఇస్మాయిల్ కోసం దిగులు పడాలని ఎంత ప్రయత్నించినా మనసు ఇంకో దారిన పోయింది. ఒకవేళ ఆయన గోడలో నిజంగానే ఉన్నాయేమో. మొదటి జీపు మనిషి కదా.

"చెప్పినావా?" అంది కమలమ్మ.

"చెప్పినా."

"ఏమన్యాడు?"

పాలయ్య టీవీ వైపు చూడకుండా నేల వైపు చూశాడు. "ఆయప్పకు నిజమైనవే పెట్టినాడంట" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు మొగుడి గొంతులో ఉన్నది జాలి కాదు, అసూయ అని కమలమ్మకు తెలిసిపోయింది. ఆమె లేచి వంటింట్లోకి పోయింది.